రేడియో కారు పందెము - దూరప్రయాణ విద్య

"ఇంట గెలిచి రచ్చ గెలువుము" అని తెలుగు సామెత. "సఫర్ వసీలయె జఫర్" అని ఉర్దూ సామెత. ప్రయాణమే విజయమునకు సాధనమని దీని భావము. ఒకటి ముందు ఇంటిని చక్కబెట్టుకొమ్మనుచున్నది, రెండవది గడప దాటి పొమ్మనుచున్నది. ఈ రెండు నీతులును ఒక్కచోట పరీక్షకు వచ్చు క్రీడ యొకటి కలదు. అదియే రేడియో కారు పందెము. చూచువారికి అది పిల్లల ఆటవలె కనిపించును. దానిలో విద్యుచ్ఛాస్త్రము, యంత్రశాస్త్రము, రసాయనశాస్త్రము, అన్నింటికిని మించి ప్రయాణ విద్య ఇమిడి యున్నవి. ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల ప్రాంతముల విద్యార్థికి ఈ కడపటి విద్యయే మిక్కిలి ముఖ్యము. ఏలయన, అతని మొదటి ప్రత్యర్థి మరియొక కారు కాదు, దూరము.

పుట్టుపూర్వోత్తరములు

తీగ లేకుండ దూరమునుండి వస్తువును కదలించు విద్యకు మన దేశము పరాయిది కాదు. 1895లో జగదీశచంద్ర బోసు కలకత్తాలో విద్యుదయస్కాంత తరంగములను గోడల గుండ పంపి, ఆవలి గదిలో గంట మ్రోగించి, తుపాకిమందును అంటించి చూపెను. 1898లో నికొలా టెస్లా న్యూయార్కు నగరమున నీటిపై చిన్న పడవను రేడియో తరంగములతో నడిపి, ఆ యేడే దానికి పేటెంటు పొందెను. 1966లో ఇటలీ దేశపు సంస్థ యొకటి రేడియో కారును విపణిలోనికి తెచ్చెను. 1976లో జపానుకు చెందిన టమియా సంస్థ పోర్షె 934 నమూనా కారును విడుదల చేసిన పిదప ఈ వినోదము సామాన్య గృహములకు చేరెను.

మట్టి బాటపై నడచు పదవ వంతు పరిమాణపు విద్యుత్ కార్లకు 1985లో అమెరికాలోని డెల్ మార్‌లో ప్రపంచ పోటీలు జరిగినవి. అవి 1987లో ఇంగ్లండునందును, 1989లో ఆస్ట్రేలియాలోని సిడ్నీయందును జరిగినవి. జపాను వీరుడు మసామి హిరొసకా వేర్వేరు తరగతులలో 14 ప్రపంచ విజయములు సాధించెను. పోటీ ఒక ఖండమునుండి మరియొక ఖండమునకు మారుచుండగా, పెట్టె చేతబట్టి దాని వెంట పోవుట ఈ క్రీడాకారులకు ఆదినుండియు అలవాటు.

కారు పనిచేయు విధము

చేతిలోని ప్రేషకము ఆజ్ఞను తరంగముగా పంపును. కారులోని గ్రాహకము దానిని అందుకొనును. గ్రాహకమునుండి రెండు మార్గములు చీలును. ఒకటి సెర్వో అను చిన్న యంత్రమునకు పోయి ముందు చక్రములను త్రిప్పును. రెండవది వేగనియంత్రకమునకు పోయి మోటారునకు ఎంత విద్యుత్తు చేరవలెనో నిర్ణయించును.

పూర్వము 27 మెగాహెర్ట్జ్ వంటి పౌనఃపున్యములను వాడెడివారు. ఒకే పౌనఃపున్యమున ఇద్దరు ప్రేషకములను తెరచినచో ఒకరి కారు మరియొకరి ఆజ్ఞకు లోబడి గోడను ఢీకొనెడిది. అందుచే పందెపు బల్లపై ఒక్కొక్క పౌనఃపున్యమునకు ఒక్కొక్క బిళ్ళ నుంచి, ఆ బిళ్ళ తీసికొన్నవాడే ప్రేషకమును తెరవవలెనను నియమము పెట్టిరి. నేడు 2.4 గిగాహెర్ట్జ్ పద్ధతిలో ప్రతి గ్రాహకము తన ప్రేషకమును మాత్రమే గుర్తించును గనుక ఆ చిక్కు తొలగినది.

ఇక వేగము లెక్క. ఒక మోటారు ఒక్కొక్క వోల్టునకు నిమిషమునకు 3,000 చుట్లు తిరుగుననుకొందము. బ్యాటరీ 7.4 వోల్టులైనచో 22,200 చుట్లు. పళ్ళచక్రముల నిష్పత్తి 9కి 1 అయినచో ఇరుసు సుమారు 2,467 చుట్లు తిరుగును. చక్రపు వ్యాసము 85 మిల్లీమీటర్లు, అనగా చుట్టుకొలత 26.7 సెంటీమీటర్లు. ఈ రెంటిని గుణించిన నిమిషమునకు సుమారు 659 మీటర్లు, గంటకు 39.5 కిలోమీటర్లు వచ్చును. ఇది బరువు లేనప్పటి లెక్క. నేల రాపిడి, గాలి అడ్డు, మోటారు వేడి కలిసి దీనిని తగ్గించును. ఎంత తగ్గునో కాగితము చెప్పలేదు, నేలయే చెప్పవలెను.

ప్రయాణ విద్య

ఒక విద్యార్థి ప్రొద్దుటూరునుండి ముంబయికి బయలుదేరెననుకొందము. అచ్చటి ఐ.ఐ.టి.లో 1998లో ఆరంభమైన టెక్‌ఫెస్ట్ దేశమందలి యువశాస్త్రజ్ఞులకు గొప్ప కూడలి. ఎర్రగుంట్ల జంక్షను ముంబయి - చెన్నై మార్గమునందే యున్నది. ప్రొద్దుటూరు, జమ్మలమడుగు వారికి ఎర్రగుంట్ల - నంద్యాల మార్గము దానితో కలియును. పులివెందుల వారు బస్సున ముద్దనూరు చేరి రైలెక్కవచ్చును. అచ్చటినుండి గుంతకల్లు, రాయచూరు, వాడి, సోలాపూరు, పూనా మీదుగా సుమారు వేయి కిలోమీటర్ల ప్రయాణము. త్రోవ సులభమే. సామాను సంగతియే కఠినము.

మొదటిది బ్యాటరీ. లిథియం పాలిమరు బ్యాటరీ నలిగినను, రెండు కొనలు తగిలికొన్నను అగ్నిప్రమాదము కలుగవచ్చును. కావున నిండుగా నింపి తీసికొనిపోరాదు. ఒక్కొక్క అర నిండినప్పుడు 4.2 వోల్టులుండును. ప్రయాణమునకు 3.8 వోల్టుల కడ నిలుపుట క్షేమము. కొనలకు టేపు చుట్టి, నిప్పునకు తాళు సంచిలో ఒక్కొక్కటి వేరుగా నుంచవలెను. ఉబ్బిన బ్యాటరీని ఇంటి గడప దాటనీయరాదు. రైలు పెట్టెలోని ప్లగ్గులు సెల్‌ఫోనుల కొరకు ఏర్పడినవి, వానితో ఈ బ్యాటరీలను నింపరాదు. ఒక్కని తొందరపాటు పెట్టెలోని వారందరి ప్రాణములకు ముప్పు తెచ్చును.

విమానమున పోవువారికి నియమము స్పష్టము. విడి లిథియం బ్యాటరీలను చేతిసంచిలోనే యుంచవలెను, సామాను గదికి పంపరాదు. 100 వాట్ గంటల వరకు అనుమతింతురు. 100 మొదలు 160 వరకు విమాన సంస్థ అనుమతి కావలెను. అంతకు మించినవి ప్రయాణికుని వెంట రాకూడదు. వోల్టులను ఆంపియర్ గంటలతో గుణించిన ఈ లెక్క వచ్చును. 5 ఆంపియర్ గంటల బ్యాటరీలో రెండు అరలున్నచో 7.4 × 5 = 37. నాలుగున్నచో 14.8 × 5 = 74. ఆరున్నచో 22.2 × 5 = 111. కడపటి దానికి ముందుగా అనుమతి పొందనివాడు విమానాశ్రయముననే తన పందెము ఓడిపోవును.

రెండవది ఇంధనము. నైట్రో కార్లు మిథనాలు, నైట్రోమీథేను, ఆముదము లేక కృత్రిమ తైలము కలిపిన ద్రవముతో నడచును. దీనిని రైలులోగాని విమానములోగాని వెంట గొనిపోరాదు. ప్రమాదకర వస్తువులను అక్రమముగా రైలులోనికి తెచ్చినవారికి 1989 నాటి రైల్వే చట్టము 164వ సెక్షను ననుసరించి మూడేండ్ల వరకు జైలుశిక్షయు, జరిమానాయు విధింపవచ్చును. పోటీ జరుగు ఊరిలోనే ఇంధనము దొరకు మార్గమును ముందుగా విచారించి యుంచుకొనుట ఒక్కటే ఉపాయము.

మూడవది కారు. చక్రములపై బరువు మోపి గంటల కొలది పెట్టెలో నుంచిన టైర్లు వంకరలు పోవును. చట్రము క్రింద దిమ్మ నుంచి చక్రములను గాలిలో నిలుపవలెను. మోటారు తీగలను విడదీయవలెను. చక్రపు చేతులు, చిన్న పళ్ళచక్రములు, మరలు అదనముగా నుండవలెను. పరాయి ఊరిలో రెండు రూపాయల మర దొరకక వేల రూపాయల కారు మూలబడుట కంటె విచారకరమైనది లేదు.

క్రొత్త నేల, క్రొత్త గాలి

ప్రొద్దుటూరు, జమ్మలమడుగు పెన్న ఒడ్డున నున్నవి. ఇసుకలో ఇమిడి నడచిన టైరు గట్టి నేలపై జారును. నల్లరేగడి ధూళి బేరింగులలో జొరబడి అరగదీయును. గాలియు మారును. బెంగుళూరు సముద్రమట్టమునకు సుమారు 900 మీటర్ల ఎత్తున నున్నది. ప్రొద్దుటూరు కంటె అచ్చటి గాలి సాంద్రత నూటికి ఏడు వంతుల వరకు తక్కువ. గాలి పలుచనైనప్పుడు ఇంధనమును గూడ కొంచెము తగ్గింపవలెను. ఇంట సరిచేసిన మరను అచ్చట మరల సరిచేయనివాడు "నా కారు నిన్నటివరకు బాగుగనే నడచినదే" అని వాపోవును. అది కారు దోషము కాదు.

ఈ సత్యము మన పల్లెలకు క్రొత్త కాదు. బండలాగుడు పోటీలకు ఒంగోలు జాతి ఎడ్లను జిల్లాలు దాటించి తెచ్చు రైతులను చూడుడు. వారు ముందుగనే వచ్చి, ఎడ్లను చెట్టునీడన కట్టి, తమ ఊరినుండి తెచ్చిన మేతయే వేసి, అలసట తీర్చి, పోటీ జరుగు నేలను పాదముతో తొక్కి చూతురు. పళ్ళనుబట్టి తరగతులు, నియమిత కాలములో బండ లాగిన దూరముపై జయాపజయములు. ఓడినవారును మీసము దువ్వుచునే ఎడ్లకు నీళ్ళు పెట్టి మరుసటి తిరునాళ్ళకు సాగుదురు. ప్రయాణపు బడలికయు పోటీలో భాగమని వారికి ఎవరును బోధింపలేదు. మన విద్యార్థి వారియొద్ద ఈ పాఠము నేర్వవచ్చును.

కారు పందెమున మరియొక మంచి ఆచారము కలదు. తన పందెము ముగిసినవాడు బాట ప్రక్కన నిలిచి, తరువాతి పందెములో బోల్తాపడిన కార్లను నిలబెట్టవలెను. గెలిచినవాడును, ఓడినవాడును ప్రత్యర్థికి చేయూతనిచ్చుట ఇందు నియమము. ఇంతకంటె ఉత్తమమైన క్రీడానీతి వేరొకటి కలదా?

ముగింపు

నేడు పులివెందులలోను, ప్రొద్దుటూరులోను, ఇడుపులపాయలోను ఇంజనీరింగు విద్య మన గుమ్మము ముందే యున్నది. మన విద్యార్థులకు కొరవడినది తెలివి కాదు, రచ్చకు పోవు అవకాశము. ఒక కారు, ఒక రైలు టికెట్టు, రెండు రాత్రుల బస, ఇవి అనేకుల ఇండ్లలో ఒక నెల సంసారమునకు సమానము. తండ్రి అప్పుచేసి పంపిన కుమారుడు ఒక టేపు ముక్క చుట్టని కారణమున వెనుదిరిగి వచ్చుట తగదు. కావున కళాశాల కమిటీవారికి మూడు మనవులు. ఆటస్థలమున ఒక మూలను మట్టి బాటగా విడుచుట, అందరు వాడుకొనుటకు ఒక పనిముట్ల పెట్టెను, బ్యాటరీ సంచులను సమకూర్చుట, పోటీకి పంపునప్పుడు ఒక దినము ముందుగా పంపుట. మూడవది చిన్నదిగా తోచును గాని, అదియే మిక్కిలి విలువైనది.

విద్యార్థులారా! ముందు ఇంట గెలువుడు. పెన్న ఇసుకలో పదిసార్లు బోల్తాపడి, పదిసార్లు విప్పి బిగించి, మీ కారులోని ప్రతి మర పేరు తెలిసికొనుడు. ఆపైన పెట్టె సర్దుకొని ఎర్రగుంట్ల ప్లాట్‌ఫారముపై నిలువుడు. బహుమతి వచ్చినను రాకున్నను, జాగ్రత్తగా ప్రయాణించుట నేర్చినవాడు రిక్తహస్తములతో తిరిగిరాడు.