మదనపల్లె, పుంగనూరు, కుప్పం ప్రాంత పంటలలో గెంతు సాలీళ్ల గుర్తింపు

పంట పర్యావరణ వ్యవస్థ విశ్లేషణలో పురుగులకు, మిత్రజీవులకు గల నిష్పత్తి 2:1 వరకు ఉన్నట్లయితే పిచికారీని వాయిదా వేయవచ్చునన్నది విస్తరణ శాస్త్రవేత్తలకు సుపరిచితమైన సూత్రం. మదనపల్లె టమాటా పొలంలోనైనా, కుప్పం మల్బరీ తోటలోనైనా మిత్రజీవుల గడిలో సాలీళ్ల సంఖ్య గణనీయంగానే నమోదవుతుంది. అంతవరకు చిక్కు లేదు. సెల్‌ఫోన్‌తో తీసిన ఒక్క ఛాయాచిత్రాన్ని ఆధారం చేసుకొని ఆ సాలీడుకు జాతి నామం కూడా రాసినప్పుడే చిక్కు మొదలవుతుంది. ఆ పేరు పట్టికలోకి, పట్టిక నుండి సిద్ధాంత వ్యాసంలోకి, అక్కడి నుండి మరొకరి ఉల్లేఖనలోకి ప్రవహిస్తుంది. దానిని వెనుకకు తీయడం ఎవరి తరమూ కాదు. కనుక కంటితో ఎంతవరకు చెప్పవచ్చు, ఎక్కడ ఆగవలెను అన్న విచక్షణ గుర్తింపులో తొలి మెట్టు.

కుటుంబం వరకు గుర్తించడం సులభం. గెంతు సాలీళ్లు సాల్టిసిడే కుటుంబానికి చెందుతాయి. 6,000 పైచిలుకు జాతులతో సాలీళ్లలోకెల్లా ఇదే పెద్ద కుటుంబం. ముఖం ముందు వరుసలో నాలుగు కళ్లు, వాటి నడుమ జత వాహనదీపాల వలె పెద్దవి. వాటి వెనుక సూక్ష్మమైన జత, ఇంకా వెనుక ఓ మోస్తరు జత ఉంటాయి. పొలంలో గెంతే ప్రతి సాలీడూ ఈ కుటుంబానిది కాదు. కాళ్లపై పొడవైన ముళ్లు నిక్కబొడుచుకొని, ఎనిమిది కళ్లలో ఆరు షడ్భుజిగా అమరి ఉంటే అది ఆక్సియోపిడే కుటుంబపు సాలీడు. అదీ ఆకుల మీద చురుకుగా దూకుతుంది. విద్యార్థుల నమూనాలలో ఈ రెండు కుటుంబాలు కలిసిపోవడం తరచుగా కనిపించే పొరపాటు. నేలపై పరుగెత్తే లైకోసిడే సాలీళ్లకు ముందు వరుసలోని నాలుగు కళ్లూ చిన్నవి, వాటి వెనుక ఉన్న జతే పెద్దది.

చారల సాలీళ్లు మూడు

దక్షిణ భారతమంతటా విస్తరించి, ఒకదానితో మరొకటి పొరబడే చారల సాలీళ్లు మూడింటిని ముందుగా నేర్చుకోవడం మేలు. ప్లెక్సిప్పస్ పేకుల్లి ఉష్ణమండల దేశాలన్నింటా ఇళ్లలోను, పంటలలోను నివసిస్తుంది. దీని మగ సాలీడు నల్లగా ఉండి, శిరోవక్షం నుండి ఉదరం చివరి వరకు నడుమ వెడల్పైన తెల్లని పట్టీ, ఇరుప్రక్కల మరి రెండు తెల్లని పట్టీలు కలిగి ఉంటుంది. ఆడది బూడిద కలిసిన గోధుమ వర్ణంలో ఉంటుంది. నడిమి పట్టీ మసకగా, ఉదరం వెనుక భాగాన రెండు లేత చుక్కలు కనిపిస్తాయి. మెనెమెరస్ బైవిటేటస్ గోడలపై తిరిగే, చదునైన శరీరం గల సాలీడు. దీని మగదానిలో వర్ణక్రమం తలక్రిందులు: ఉదరం నడుమ నల్లని పట్టీ, ప్రక్కలు తెలుపు. ‘నడిమి పట్టీ తెలుపా, నలుపా’ అన్న ఒక్క ప్రశ్నతో ఈ రెండు మగ సాలీళ్లను వేరు చేయవచ్చు. ఆడవాటికి మాత్రం ఈ ప్రశ్న చాలదు.

మూడవది టెలమోనియా డిమిడియేటా. చెట్ల ఆకులలో నివసించే ఈ జాతిలో ఆడది లేత పసుపు రంగులో, ఉదరంపై రెండు నిలువు ఎర్రని చారలతో, కళ్ల చుట్టూ ఎర్రని వలయాలతో ఉంటుంది. మగది ముదురు రంగుపై తెల్లని మచ్చలతో వేరే జాతి అనిపించేటంత భిన్నంగా ఉంటుంది. మరుగుదొడ్లలో దాగి ప్రాణాలు తీస్తుందని 2002లో ఈ-మెయిళ్ల ద్వారా వ్యాపించిన వదంతికి గురైన సాలీడు ఇదే. అందులో సత్యం లేదు. రైతులు ‘ఇది విషప్పురుగా’ అని ప్రశ్నించినప్పుడు విస్తరణ సిబ్బంది తడుముకోకుండా సమాధానం చెప్పగలగాలి.

చీమ వేషం, చుట్టిన ఆకు

మామిడి తోటలలో ఆకులను పట్టుదారంతో కుట్టి గూళ్లు కట్టే ఎర్రచీమలున్న చోట మిర్మప్లాటా ప్లాటలియోయిడెస్ కోసం వెదకవలెను. 1869లో శ్రీలంక నమూనాల ఆధారంగా వర్ణితమైన ఈ జాతి చాలాకాలం మిర్మరాక్ని ప్రజాతిలో ఉండి, 2016లో ప్రస్తుత నామం పొందింది. పాత పుస్తకాలలో పాత పేరే కనిపిస్తుంది. నడుము సన్నగా, వర్ణం చీమ వలె ఉన్నా కాళ్లు ఎనిమిది. ముందు కాళ్లను మీసాల వలె ఎత్తి ఆడిస్తుంది. మగదాని కోరలు పొడవుగా ముందుకు సాగి, ఒక చీమ మరొక చీమను మోసుకుపోతున్నట్లు భ్రమ కలిగిస్తాయి. కొమ్మను తట్టినప్పుడు చీమ పైకి ఎగబాకుతుంది. ఈ సాలీడు దారంపై వ్రేలాడుతుంది. ఇంతకన్నా సులువైన క్షేత్ర పరీక్ష మరొకటి లేదు.

మల్బరీలో చిక్కు వేరు. ఆకుముడత పురుగు ఆకును దారంతో ముడుస్తుంది. గెంతు సాలీడు కూడా విశ్రాంతికి, గ్రుడ్లు పెట్టడానికి ఆకు మడతలో పట్టు సంచి అల్లుకుంటుంది. ముడతలను లెక్కించి నష్టశాతం గణించేవారు రెండింటినీ కలిపివేస్తే, రక్షకుడు శత్రువు పద్దులో చేరతాడు. పట్టుపురుగుల మేతకు వాడే ఆకుపై అనవసరపు పిచికారీ ఎంత ప్రమాదకరమో కుప్పం ప్రాంత రైతుకు చెప్పనవసరం లేదు. కనుక ముడతను విప్పి చూడవలసిందే. పురుగు ముడతలో గీకిన పత్రహరితం, నల్లని విసర్జన గుళికలు ఉంటాయి. సాలీడు ముడతలో ఆకు చెక్కుచెదరదు, తెల్లని దట్టమైన పట్టు పొర మాత్రమే ఉంటుంది.

జాతి నిర్ధారణ

రంగు, చార, పరిమాణం సూచనలే గాని నిదర్శనాలు కావు. రోమాలు రాలిన ముసలి సాలీడు చారలు కోల్పోతుంది. పిల్ల సాలీడుకు చారలే ఏర్పడి ఉండవు. జాతిని నిర్ధారించేవి ప్రౌఢ సాలీడు జననాంగాలు. మగదానిలో నోటి ప్రక్కనున్న పెడిపాల్ప్ చివరి ఉబ్బు, అందులోని ఎంబోలస్ వంపు, టిబియా ఖండంపై గల కొక్కెం ఆకృతి పరిశీలించాలి. ఆడదానిలో ఉదరం క్రింది భాగాన గల ఎపిజైన్‌ను వేరు చేసి, పొటాషియం హైడ్రాక్సైడ్ ద్రావణంలో లేదా లవంగ నూనెలో పారదర్శకం చేసి, లోపలి నాళాల మెలికలు చూడవలెను. పొలంలో దొరికే సాలీళ్లలో పిల్లలే అధికం. వాటికి జాతి నామం పెట్టడం శాస్త్రం కాదు. అనేక భారతీయ జాతులు మగ, ఆడలలో ఒకదాని ఆధారంగానే వర్ణింపబడ్డాయి. రెండవ లింగపు సాలీడు దొరికిన విద్యార్థి కొత్త జాతి కనుగొన్నానని తొందరపడరాదు. బి.కె. టికేదర్ 1987 నాటి సాలీళ్ల కరదీపిక నేటికీ ఉపయోగకరమే, అయితే అందులోని పేర్లను ప్రపంచ సాలీళ్ల పట్టికతో సరిచూసుకోవలసి ఉంటుంది.

నమూనాను 70–80 శాతం ఆల్కహాల్‌లో భద్రపరచి, పెన్సిల్‌తో రాసిన చీటీని సీసా లోపలే ఉంచవలెను. ఈ చీటీ విలువ రాయలసీమ చరిత్రే చెబుతుంది. 1885లో ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు యూజీన్ సిమోన్ ‘బళ్ళారి జిల్లా, గుంతకల్లు సమీపాన వాగ్రా-కరూర్’ నుండి షాపర్ సేకరించిన సాలీళ్లను వర్ణించాడు. ఆ వాగ్రా-కరూర్ మన వజ్రకరూరే. ప్రక్కన గుంతకల్లు పేరు లేకపోయినట్లయితే ఆ స్థలాన్ని పోల్చుకోవడం దుర్లభమయ్యేది. గెంతు సాలీడు కాకపోయినా గుత్తి నీలి సాలీడు కథ ఇంకా స్పష్టం. 1899లో పోకాక్ దానిని గుత్తి రైల్వే కలప యార్డులో దొరికిన ఒక్క నమూనాతో వర్ణించాడు. దాని నిజమైన ఆవాసం గుత్తి కాదు. 2001లో నంద్యాల, గిద్దలూరుల నడుమ అడవిలో అది తిరిగి కనబడింది. కలపతో పాటు రైలెక్కి వచ్చినదని నేటి అభిప్రాయం. మదనపల్లె టమాటా బుట్టలలో దొరికిన సాలీడుకూ ఈ హెచ్చరిక వర్తిస్తుంది: బుట్ట ఏ ఊరి నుండి వచ్చిందో అడిగి రాయవలెను.

జిల్లా పేరు ఒక్కటే చాలదు. 2022 ఏప్రిల్ పునర్విభజనలో మదనపల్లె చిత్తూరు జిల్లా నుండి అన్నమయ్య జిల్లాలోకి మారింది. కొత్తపల్లె వంటి పేరు పలు మండలాలలో ఉంటుంది. అందువల్ల గ్రామం, మండలం, అక్షాంశ రేఖాంశాలు, సముద్రమట్టానికి ఎత్తు, పంట, మొక్కపై దొరికిన చోటు, తేదీ, సేకర్త పేరు తప్పనిసరి. జాతి తేలని చోట ‘ప్లెక్సిప్పస్, జాతి అనిర్ణీతం’ అనో, ‘సాల్టిసిడే, పిల్ల’ అనో రాసి, సీసా సంఖ్యను పట్టికలో చూపితే, మరొకరు ఆ సీసాను తెరిచి నిర్ధారణను పూర్తి చేయగలుగుతారు.