ముందు గాలి కొనుక్కో

పిడుగురాళ్ల

చిరంజీవి చిన్నోడికి,


మొదటి జీతంతో యుద్ధపు ఆట బొమ్మల పెట్టె కొన్నావనీ, వాటికి రంగులేయడానికి ఎయిర్‌బ్రష్ కొనాలనుకుంటున్నావనీ చదివి ఎంత సంతోషించానో! లారీ డోర్ల మీద నెమళ్లు, పువ్వులు వేసిన ఈ చేత్తోనే ఇప్పుడు బొటనవేలంత బొమ్మలకు రంగులేస్తున్నాను. డబ్బు ఎక్కడ పెట్టాలో చెబుతాను, విను.

అందరూ ముందు ఎయిర్‌బ్రష్ గన్ను చూస్తారు. ఇవాటా, హార్డర్ అండ్ స్టీన్‌బెక్ మంచివే, కాదనను. నువ్వు మాత్రం ముందు గాలి కొనుక్కో. మూడు లీటర్ల ట్యాంకున్న కంప్రెసర్, దానికి రెగ్యులేటరు, తేమ పట్టే ట్రాపు ఉండాలి. నేను చవగ్గా వస్తోందని ట్యాంకు లేనిది కొన్నాను. పిస్టన్ కొట్టుకున్నట్టే గాలీ కొట్టుకుంటూ వచ్చేది, గీత పూసలు పూసలుగా పడేది. విసిగిపోయి పంక్చర్ షాపు కంప్రెసర్‌కి పైపు తగిలించాను. లారీ టైరుకు వందకు పైగా పట్టే గాలి అది, మన బొమ్మకు 15 నుంచి 25 పీఎస్ఐ చాలు. రెగ్యులేటరుతో తగ్గించుకున్నా, గాలితోపాటు ఆయిలు వచ్చింది. బాలచంద్రుడని పేరు పెట్టుకుని మూడు రోజులు వేసిన గుర్రపురౌతు ముఖమంతా మచ్చలు. ఆ బొమ్మ ఇప్పటికీ నా బల్ల మీదే ఉంది.

గన్ను అంటావా, పైన కప్పు ఉన్నది, డబుల్ యాక్షన్‌ది తీసుకో. మీట నొక్కితే గాలి, వెనక్కి లాగితే రంగు. నాజిల్ 0.3 మిల్లీమీటర్లు చాలు. 0.2 మొదట్లో వద్దు, ఊరికే పూడుకుపోతుంది. సూదిని మాత్రం కంటికి రెప్పలా చూసుకో. కొన రవ్వంత వంగినా రంగు పక్కకు చిమ్ముతుంది. గోటి మీద సూదిని పడుకోబెట్టి మెల్లగా తిప్పుతూ వెనక్కి లాగు, వంకరుంటే గోటికి గీరుకుంటుంది. తుడవడానికి ఇంట్లో దూది వాడకు, పోగు లోపల చిక్కుకుంటుంది.

రంగుల్లో వల్లేహో మోడల్ ఎయిర్‌తో మొదలుపెట్టు, పల్చగానే వస్తుంది. బ్రష్‌తో వేసే రంగైతే పాలలా చేసుకోవాలి. కప్పు వంచినప్పుడు రంగు గోడ మీంచి జారి, వెనక పల్చటి పొర మిగలాలి. అందులో స్పిరిట్ పోయకు, విరిగి గడ్డలు కడుతుంది. టామియా అక్రిలిక్‌కు దాని థిన్నరే వాడు. లారీ షెడ్డులో దొరికే ఎన్‌సీ థిన్నర్ జోలికి అసలు పోవద్దు. ప్లాస్టిక్ బొమ్మను కరిగిస్తుంది, గన్నులోని రబ్బరు రింగులను ఉబ్బిస్తుంది.

మన సున్నపురాతి నేల నీళ్ల సంగతి నీకు తెలుసుగా, బకెట్టు అంచున తెల్లగా గార కడుతుంది. ఆ నీళ్లు రంగులో కలపకు, బ్యాటరీ వాటర్ తెచ్చుకో. ఎండాకాలంలో రంగు సూది కొననే ఎండిపోతుంది, రెండు చుక్కల రిటార్డర్ వేసి, తడి కుంచెతో కొన తుడుస్తూ ఉండు. నేనైతే తెల్లవారుజామున, వాకిట్లో నీళ్లు చల్లాకే వేస్తాను. పొద్దెక్కితే బట్టీల సున్నపు ధూళి తడి వార్నిష్ మీద వాలుతుంది. నీ గదిలో కిటికీ తెరిచి, మాస్కు పెట్టుకునే వేయాలి. అక్రిలిక్‌కు వాసన లేదని ఊరుకోకు, తుంపర ఊపిరితిత్తుల్లోకి పోతుంది.

కొండపల్లి వాళ్లు తెల్లపొణికి కర్ర చెక్కి, మక్కుతో అతికి, సున్నం పూశాకే రంగు వేస్తారు. నువ్వూ ప్రైమర్ మానకు. ముందు నల్లది అంతటా, తర్వాత తెల్లది పైనుంచి మాత్రమే కొట్టు. మిట్టమధ్యాహ్నపు ఎండ పడ్డట్టు నీడలు వాటంతటవే వస్తాయి. కళ్లు, అంచులు ఎయిర్‌బ్రష్‌తో కావు, చిన్న కుంచె కొనుక్కో. ఎరుపు నల్లటి మీద తేలదు. కళ్లంలో మిరపకాయల రాశి చూడు, అడుగున గోధుమ, మధ్యలో ఎరుపు, పైన నారింజ. ఆ వరసలోనే వెయ్యి.

సంక్రాంతికి వచ్చేటప్పుడు గన్నూ, బొమ్మలూ చాలు, ట్యాంకున్న కంప్రెసర్ ఇప్పుడు నా దగ్గరుంది. నా పైపు మర 1/8 అంగుళం. నీ గన్నుది వేరైతే అడాప్టర్ కొని తీసుకురా.

ఇట్లు,
మీ మావయ్య