తెరమీది అక్షరము - పసివారి భాష

మహబూబ్‌నగర్ జిల్లా పల్లెలకు టెలివిజన్ చదువు కొత్త కాదు. 1975 ఆగస్టు 1 నుండి ఒక సంవత్సరకాలం ఏ.టి.ఎస్-6 ఉపగ్రహం ద్వారా ఆరు రాష్ట్రాలలోని సుమారు 2,400 గ్రామాలకు విద్యాకార్యక్రమాలు ప్రసారమైనాయి. వాటిలో ఈ జిల్లా గ్రామాలు కూడా కలవు. ఒకే దృశ్యానికి రెండు భాషల ధ్వనిని జతపరచగల ఏర్పాటు ఆనాడే ఉండినది.

ధ్వనికి అక్షరం తోడు కావడం తరువాతి ముచ్చట. పాట ఏ భాషదో ఆ భాషలోనే దాని మాటలను తెరపై చూపవలెనన్న ఆలోచన 1996లో బ్రిజ్ కొఠారీ గారికి కలిగినది. 1999లో గుజరాతీ సినిమా పాటలకు, 2002లో దూరదర్శన్ 'చిత్రహార్'కు అది అమలయింది. పాటనే ఎన్నుకొనడంలో యుక్తి కలదు. పల్లవి మరల మరల వస్తుంది. మాట ముందే నోటికి వచ్చి ఉంటుంది. కన్ను దానిని వెదకుకొంటుంది.

అయితే అక్షరాలు రాని మూడేండ్ల బిడ్డకు ఆ వరుస వట్టి గీతలే. ఆ వయసున భాష నేర్పేది ఎదుట కూర్చుండి మాటాడే మనిషి. గుణింతాలు, వత్తులు పట్టుబడుతున్న ఏడెనిమిదేండ్ల వానికే తెరమీది వ్రాత నిజంగా అక్కరకు వస్తుంది. సంభాషణలైతే వాడు కూడబలుకుకొనేలోగా మాయమవుతాయి.

మన ఉర్దూ పిల్లల విషయం వేరుగా ఆలోచింపవలసి ఉన్నది. నల్లగొండలోని ఉర్దూ బాలునికి హిందీ పాట చెవికి స్వంతమే. కాని క్రింద కనిపించేది నాగరి లిపి. కుడినుండి ఎడమకు చదువ నేర్చిన వానికి అది పరాయిది. భాష కలిసినా లిపి కలవలేదు. కావున ఆ పాటతో వానికి చదువు రాదు. తెలుగు పాటకు తెలుగు అక్షరాలుంటే మాత్రం సంగతి మారుతుంది. వీధిలో విన్న మాట, బడిలో దిద్దిన అక్షరం ఒకచోట కలుస్తాయి. తెలంగాణ బడులన్నింటిలో తెలుగును తప్పనిసరి చేస్తూ 2018లో శాసనం వచ్చినది గనుక ఈ సాయం వానికి అవసరం కూడా. అట్లే ఉర్దూ గజళ్లకు ఉర్దూ లిపిలోనే మాటలు వేసిన చిత్రాలను కళాశాల కమిటీ వారు సేకరింపజేస్తే బాగుండునని మా కోరిక.

ఉపాధ్యాయులు కాబోయే మిత్రులకు ఒక మాట. తెర చూస్తూ గడగడా పాడిన బాలుడు చదివినాడని తొందరపడరాదు. కంఠస్థం మనలను మోసపుచ్చగలదు. పాటను నిలిపి, నడుమనున్న ఒక్క మాటను పలకమీద వ్రాసి అడిగి చూడవలెను.