గడ్డం చెప్పే కథలు



తెలుగులో 'గడ్డం' అనే మాటకు రెండు అర్థాలున్నాయి. అమ్మ మీ గడ్డం పట్టుకుని "ఇంకొక్క ముద్ద తినరా" అని బతిమాలితే, అది పెదవి కింది భాగం. "తాతయ్య గడ్డం నెరిసింది" అంటే, అక్కడ పెరిగే వెంట్రుకలు. ఈ రెండో గడ్డానికి చాలా పెద్ద చరిత్రే ఉంది.

పూర్వం ఈజిప్టులో గడ్డం రాజరికానికి గుర్తు. రాజులు పెట్టుడు గడ్డం కట్టుకునేవారు. సుమారు 3,500 ఏళ్ళ క్రితం హాట్షెప్సుట్ అనే రాణి రాజ్యమేలినప్పుడు, ఆమె విగ్రహాలకు కూడా గడ్డం చెక్కారు!

రష్యాను ఏలిన పీటర్‌కు మాత్రం గడ్డం పాతకాలపు అలవాటుగా తోచింది. 1705లో గడ్డం మీద పన్ను వేశాడు. పన్ను కట్టినవారికి రసీదుగా ఒక బిళ్ళ ఇచ్చేవారు. గడ్డం తీయడం పాపమని నమ్మినవారు డబ్బు కట్టి మరీ ఉంచుకున్నారు.

మనం ఉంటున్న ఈ అమెరికాలో, 1860లో గ్రేస్ బెడెల్ అనే 11 ఏళ్ళ పాప అబ్రహాం లింకన్‌కు ఉత్తరం రాసింది. మీ ముఖం మరీ సన్నగా ఉంది, గడ్డం పెంచితే బాగుంటారని సలహా ఇచ్చింది. లింకన్ జవాబు రాశాడు, తర్వాత గడ్డమూ పెంచాడు! గడ్డమున్న మొదటి అమెరికా అధ్యక్షుడు ఆయనే.

మనవాళ్ళలో అయ్యప్ప మాల వేసుకున్నవారు 41 రోజులు గడ్డం గీసుకోరు. మనసంతా స్వామి మీదే ఉండాలి, అలంకారం మీద కాదని దాని భావం. సిక్కులకైతే అది జీవితాంతం పాటించే నియమం. దేవుడిచ్చిన కేశాలను వారు కత్తిరించరు.

ఈ సంగతి తెలియకపోతే ఎంత అనర్థమో చూడండి. 2001 సెప్టెంబరు 15న అరిజోనాలోని మీసాలో బల్బీర్ సింగ్ సోధీ అనే సిక్కు పెద్దాయనను, ఆయన గడ్డం, తలపాగా చూసి శత్రువనుకుని ఒకడు కాల్చి చంపాడు. అప్పుడాయన తన గ్యాస్ స్టేషన్ ముందు పూలమొక్కల పని చూసుకుంటున్నారు.

ఒకరి గడ్డం భక్తి కావచ్చు, మరొకరిది దుఃఖం, ఇంకొకరిది సరదా. చూసి ఊహించుకోకండి. మర్యాదగా అడిగి తెలుసుకోండి. మాలలో ఉన్న మీ నాన్నగారి గురించి స్నేహితులు అడిగితే, సిగ్గుపడకుండా వివరించండి.

కొత్త మాటలు
నెరియు – తెల్లబడు
పెట్టుడు – సహజంగా వచ్చినది కాక, తెచ్చి పెట్టుకున్నది
అనర్థం – కీడు

ప్రశ్నలు
1. 'గడ్డం' రెండు అర్థాలతో రెండు వాక్యాలు రాయండి.
2. పీటర్ పన్ను కట్టినవారికి ఏమి ఇచ్చేవారు?
3. మీ తాతయ్యనో, నాన్ననో వారి గడ్డం, మీసం కథ అడిగి అయిదు వాక్యాలు రాయండి.