శనగపప్పు చేసిన నేరము

బర్మా దేశీయులు శనగపప్పును 'కలాపే' అందురు. 'కలా' యనగా పడమటినుండి వచ్చినవాడు, ముఖ్యముగా భారతదేశస్థుడు. 'పే' యనగా పప్పు. కుర్చీకిని వారి భాషలో 'కలాథైన్' అని పేరు. ఇట్టి మాటలలో 'కలా' వస్తువు వచ్చిన దిక్కును మాత్రమే తెలుపును. మనుష్యుల యెడ వాడినపుడు మాత్రము అది క్రమముగా తూలనాడు మాటయైనది. కోరంగి ప్రాంతమునుండి ఓడలెక్కి పోయి రంగూను రేవున మూటలు మోసిన తెలుగు కూలీలు ఆ మాటను చక్కగా ఎఱుగుదురు. 1930 మే నెలలో రేవు పనిని గూర్చిన తగవు ముదిరి, వారిపై దాడులు జరిగి, పలువురు ప్రాణములు గోల్పోయిరి.

తరువాతి కాలమున ఆ మాట రొహింగ్యాలకు తగిలెను. వీరు రఖైన్ రాష్ట్రమున తరతరములుగా నివసించిన ముసల్మానులు. అయినను వీరు పరదేశులనియు, దేశమును మ్రింగ వచ్చినవారనియు ఫేస్‌బుక్కున వ్రాతలు వెల్లువెత్తెను. 2017 ఆగస్టున కొందఱు రొహింగ్యా సాయుధులు పోలీసు ఠాణాలపై దాడి చేయగా, సైన్యము ఆ జాతి యంతటిపైని విరుచుకొనిపడెను. ఏడు లక్షలకు పైగా జనులు బంగ్లాదేశమునకు పాఱిపోయిరి.

ఆ సంవత్సరమే ఫేస్‌బుక్కు సంస్థ 'కలా' యను మాటను నిషేధించెను. ఫలితము విచిత్రము. పప్పును గూర్చి వ్రాసినవారి వ్రాతలును తొలగింపబడెను! 'నన్ను ఆ మాటతో అవమానించిరి' అని మొఱపెట్టుకొనువాని వ్రాతకును ఇట్టి నియమము క్రింద అదే గతి గదా. ఇంతలో అసలు దోషులు తప్పించుకొనిరి. 2018లో రాయిటర్స్ విలేఖరులు వెదకగా, రొహింగ్యాలను, ఇతర ముసల్మానులను కుక్కలనియు, పురుగులనియు దూషించుట మొదలైన ద్వేషపు వ్రాతలు, చిత్రములు వేయికి పైగా ఇంకను నిలిచియుండెను.

మఱి ద్వేషము నెట్లు గుర్తింపవలెను? ఒక్క మాటను గాక వాక్యమంతయు చదువవలెను. ఒకని నేరమును జాతి కంతటికిని అంటగట్టుచున్నారా? మనుష్యులను పురుగులతో పోల్చుచున్నారా? 'తఱిమివేయుడు, చంపుడు' అని పురికొల్పుచున్నారా? కలహము రేగిన దినములలో ఈ కడపటిదానికి గంటసేపైనను గడువీయరాదు. ఇందులకు ఆ భాష నెఱిగిన మనుష్యులు కావలెను. 2015 ఆరంభమున బర్మీయ వ్రాతలను పరిశీలించుటకు ఆ సంస్థలో ఇద్దరే యుండిరి. యంత్రానువాదమా, మఱింత దారుణముగా తప్పెను: కనబడిన 'కలా' నెల్ల చంపవలెనను వ్రాతను అది ఇంద్రధనుస్సును గూర్చిన వాక్యముగా మార్చెను.

2018 నవంబరులో సంస్థ తన ప్రయత్నము చాలలేదని ఒప్పుకొనెను. అప్పటికి ఆ లక్షల జనులు కాక్స్‌బజారు ప్రాంతపు వెదురు గుడిసెలలో ఒక వర్షకాలమును పూర్తిగా గడిపియుండిరి.