పశువు ఊపిరికి ఇబ్బంది పడుతున్నదని గుర్తించడం ఎట్లా?

ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల ప్రాంతాల పాడి సంఘాల సభ్యులకు ఎండ కొత్త కాదు. 40 డిగ్రీలు దాటిన మధ్యాహ్నం గేదె రొప్పుతుంటే "ఎండకే లే" అని ఊరుకోవడం కద్దు. గేదెది నల్లని చర్మం, చెమట గ్రంథులు తక్కువ. ఎండకు రొప్పేమాట నిజమే. అయితే గురకవ్యాధిలోనూ గేదె రొప్పుతుంది. ఆ వ్యాధి సోకిన పశువు ఒక్క రోజులోనే చేయి దాటిపోవచ్చు కనుక ఈ రెంటికీ గల తేడా ప్రతి సభ్యుడూ తెలుసుకొని ఉండవలెను.

ముందుగా ఊపిరి లెక్కపెట్టడం నేర్చుకోవాలి. తెల్లవారి చల్లపొద్దున, పశువు నెమ్మదిగా ఉన్నప్పుడు, కొంచెం వెనుకగా నిలబడి డొక్కను చూడండి. డొక్క ఒకసారి లేచి పడితే ఒక ఊపిరి. పెద్ద పశువు నిమిషానికి సుమారు 15 నుంచి 30 సార్లు ఊపిరి తీస్తుంది. మీ పశువు లెక్క ఎంతో ఆరోగ్యంగా ఉన్నప్పుడే చూసి గుర్తుంచుకుంటే మంచిది.

ఎండకు రొప్పే గేదెను నీడకు తెచ్చి, ఒంటిమీద నీళ్లు పోసి, తాగను చల్లని నీళ్లు పెడితే గంట రెండు గంటలలో ఊపిరి నెమ్మదిస్తుంది, నెమరు వేస్తుంది. నెమ్మదించకపోతే అనుమానించవలసిందే. మెడ ముందుకు చాచడం, ముక్కుపుటాలు విప్పార్చడం, ముంజేతులు ఎడంగా పెట్టి నిలబడడం, పడుకోవడానికి జంకడం, ఊపిరికి పొట్ట ఎగదోయడం చెడ్డ లక్షణాలు. నోరు తెరిచి, నాలుక బయటపెట్టి ఊపిరి తీస్తున్నదంటే స్థితి ముదిరినట్లే. చిగుళ్లు నీలిరంగుకు తిరిగితే క్షణం ఆలస్యం పనికిరాదు.

గురకవ్యాధిలో జ్వరం ఒక్కసారిగా 104 డిగ్రీలు దాటుతుంది. చొంగ కారుతుంది. దవడ కింద, గొంతు వద్ద వేడిగా, నొప్పిగా వాపు వస్తుంది; ఆ వాపు గొంతును నొక్కడంవల్లనే గురక. మందు తొలిగంటల్లో పడితేనే గుణం కనబడుతుంది. అందుకే వానలు మొదలుకాక మునుపే ఏటేటా టీకా వేయించాలని మేము పదేపదే చెప్పేది. జబ్బుపడినదానిని వేరుగా కట్టి, అది తాగిన తొట్టిలో ఇతర పశువులకు నీళ్లు పెట్టరాదు.

వాపు గొంతుదగ్గర కాక ఎడమ డొక్కలో ఉండి, తడితే డోలులా మోగితే అది కడుపుబ్బరం. ఉబ్బిన కడుపు ఊపిరితిత్తులను నొక్కుతుంది. పశువును ముందుకాళ్లు ఎత్తుమీద ఉండేటట్లు నిలబెట్టి డాక్టరుకు కబురు చేయండి.

ఇక మన పల్లెల్లో ఒక అలవాటున్నది: పశువు ఎగరొప్పుతుంటే నాలుక పట్టి లాగి, తల పైకెత్తి, గొట్టంతో నూనో కషాయమో పోస్తారు. పోసేవారి ఉద్దేశం మంచిదే, కాని అది పొలమారి ఊపిరితిత్తుల్లోకి దిగితే న్యుమోనియా వస్తుంది. ఎగరొప్పుతున్న పశువుకు నోటిద్వారా ఏదీ పోయరాదు.

1962 నంబరుకు గాని, దగ్గరి పశువైద్యశాలకు గాని ఫోను చేసినప్పుడు నిమిషానికి ఊపిరి ఎన్ని, జ్వరం ఎంత, వాపు ఎక్కడ, మేత మానేసి ఎన్ని గంటలైంది, గురకవ్యాధి టీకా ఎప్పుడు వేయించారు అన్నవి చెప్పండి. పూటపాలు ఒక్కసారిగా తగ్గిన సభ్యుని పశువును గురించి సంఘ కార్యదర్శి కూడ ఆ పూటే విచారించవలెను.