మీ బోరు నీళ్లు పరీక్ష చేయించారా?

నీళ్లు తేటగా ఉన్నాయని, తియ్యగా ఉన్నాయని నమ్మి తాగేయకండి. ఫ్లోరైడ్‌కు రంగు, వాసన ఉండవు. నల్గొండ జిల్లా పల్లెల్లో పళ్లకు గార పట్టించి, కాళ్లు వంకర తిప్పింది ఇదే. ఎదిగే పిల్లలకు ముప్పు ఎక్కువ. వంగిన ఎముక మందులతో మళ్లీ సరికాదు.

నమూనా ఎలా పట్టాలి?
• మోటారు వేసి 5 నిమిషాలు నీళ్లు వదిలేయండి.
• శుభ్రమైన లీటరు ప్లాస్టిక్ సీసాను అవే నీళ్లతో 3 సార్లు తొలిచి, నిండా పట్టి మూత బిగించండి.
• పేరు, ఊరు, తేదీ రాసి అంటించండి.
• క్రిముల పరీక్షకైతే ల్యాబ్ ఇచ్చే సీసాలోనే పట్టాలి.
• ఎక్కడ ఇవ్వాలో పంచాయతీ కార్యదర్శిని అడగండి.

రిపోర్టులో ఏం చూడాలి? (లీటరుకు మిల్లీగ్రాముల్లో)
• ఫ్లోరైడ్: 1 లోపు మంచిది. 1.5 దాటితే తాగొద్దు.
• నైట్రేట్: 45 దాటితే తాగొద్దు. పసిబిడ్డల పాలలో అసలే కలపొద్దు.
• టీడీఎస్: 500 లోపు మంచిది. వేరే నీళ్లు దొరక్కపోతే 2000 వరకు.

మరిగిస్తే క్రిములు చస్తాయి గానీ ఫ్లోరైడ్, నైట్రేట్ పోవు. నీళ్లు ఇగిరేకొద్దీ అవి ఇంకా చిక్కబడతాయి.

ఫ్లోరైడ్ ఎక్కువని తేలితే బోరు నీళ్లు స్నానానికి, బట్టలకు వాడుకోండి. తాగడానికి, వంటకు మాత్రం మిషన్ భగీరథ నల్లా నీళ్లే పట్టుకోండి. ఏడాదికి ఒకసారైనా మళ్లీ పరీక్ష చేయించండి.